పూత పూసిన పాతదనం

2019 వేసవిలో ఒక శనివారం పొద్దున్న మా పక్కింటాయన ఫోను చేసి, “మీ ఇంట్లో రాళ్ళ ఉప్పు ఏమైనా ఉందా?” అని అడిగాడు. ఏటా ఆవకాయ పెట్టే ఇంట్లో రాళ్ళ ఉప్పు లేకుండా ఎలా ఉంటుంది? మా ఆవిడ ఓ గిన్నెడు ఇస్తే పట్టుకుని వాళ్ళ గరాజ్‌లోకి వెళ్ళాను. అక్కడ రెండు బల్లల మీద అడ్డంగా పడుకోబెట్టిన ట్రక్కు తలుపు ఒకటి ఉంది. కొత్త తలుపు. దానికి అప్పటికే తుప్పు రంగు పూసి ఉంచాడు. ఇప్పుడు దాన్ని నీళ్ళతో తడిపి, నేను తెచ్చిన ఉప్పుని పిడికిట్లోకి తీసుకుని, ముగ్గు వేసే ఇల్లాలు పిండి జారవిడిచినంత జాగ్రత్తగా అక్కడక్కడ జారవిడిచాడు. తరవాత దాని మీద ఆకుపచ్చ రంగు పిచికారీ చేశాడు. రంగు ఆరాక నీళ్ళు పోసి తుడిస్తే, ఉప్పు ఉన్న చోటల్లా రంగు పెచ్చులుగా లేచిపోయి కిందనున్న తుప్పు రంగు బయట పడింది. పొద్దున్న కొత్తగా ఉన్న తలుపు సాయంత్రానికి అరవై ఏళ్ళ తలుపు అయిపోయింది.

నాకు ముచ్చట వేసింది. కొంచెం భయం కూడా వేసింది. ఆ భయం ఎందుకో ఆ రోజు అర్థం కాలేదు. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ భయమే.

ముందు ఆ ట్రక్కు సంగతి చెప్పాలి. అది 1951 నాటి షెవ్రొలే 3100. గుండ్రటి బుగ్గలతో, అడ్డు కమ్మీల గ్రిల్లుతో నవ్వుతున్నట్టుండే పికప్ ట్రక్కు. అమెరికాలో పాత సినిమాలలోనూ క్రిస్మస్ కార్డుల మీదా మీరు చూసే ఉంటారు. యుద్ధం అయిపోయాక 1947లో షెవ్రొలే కంపెనీ “అడ్వాన్స్ డిజైన్” అనే పేరుతో వీటిని బజారులోకి దింపింది. 1955 దాకా తయారు చేసింది. మా పక్కింటాయన జీవితమంతా మెషీను షాపులో పని చేసి రిటైరయిన మనిషి. ఈ ట్రక్కుని ముక్కలు ముక్కలుగా కూర్చుకున్నాడు. మేముండే ఒహాయోలో చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు కదా, ఆ ఉప్పుకి ఇక్కడి పాత బళ్ళు కింద నించి తినేసుకుపోయి జల్లెడలయిపోతాయి. అందుకని ఆయన క్యాబిన్ని అరిజోనా ఎడారి నించి తెప్పించాడు. అక్కడ వానలు తక్కువ, ఎండ ఎక్కువ. ఇనుము చెక్కుచెదరలేదు కాని రంగు మాత్రం మాడిపోయింది. కంపెనీ వేసిన ఫారెస్టర్ గ్రీన్ అనే ముదురాకుపచ్చ, పైకప్పు మీద పూర్తిగా అరిగిపోయి ఎర్రటి ప్రైమర్ కనిపిస్తోంది. పక్కల మీద సున్నం కలిపినట్టు పాలిపోయింది. ఆ క్యాబిన్ మీద ఉన్నది అసలైన కాలం చేసిన పని. దానికి తలుపులు లేవు, ముందు ఫెండర్లు లేవు. ఆ నాలుగూ కొత్తవి కొన్నాడు. నిగనిగలాడే నల్లటి పూతతో వచ్చాయి.

ఇప్పుడు ఏం చెయ్యాలి? అసలు రంగుని గీకేసి మొత్తం బండికి కొత్త రంగు వేస్తే డెబ్భై ఏళ్ళ చరిత్ర ఒక్క పూటలో పోతుంది. వెయ్యకపోతే ముసలి మొహానికి పడుచు చెంపలు అతికించినట్టుంటుంది. మూడో దారి, కొత్త భాగాలని కూడా పాతవాటిలా చెయ్యడం. అమెరికాలో ఈ విద్యకి “ఫో పటీనా” అని పేరు. ఫో అంటే ఫ్రెంచి భాషలో ఉత్తుత్తిది. పటీనా అంటే?

* * *

పటీనాకి తెలుగేమిటి అని ఆలోచిస్తే నాకు తట్టిన మాటలు రెండు: చిలుము, తుప్పు. రాగికి, ఇత్తడికి పట్టేది చిలుము. ఇనుముకి పట్టేది తుప్పు. రెండూ తిట్లే. మా అమ్మ శుక్రవారం నాడు దేవుడి గూట్లో సామానంతా కింద పెట్టుకుని చింతపండు, ఉప్పు వేసి తోమేది. చెంబు మీద పచ్చటి మచ్చ కనిపిస్తే అది ఆ ఇంటి ఇల్లాలి బద్ధకానికి గుర్తు. తుప్పు వదిలించడం అంటే మన భాషలో ఒకరిని చితకబాదడం కూడాను. మనకి తుప్పు వదిలించడమే తెలుసు, కష్టపడి తుప్పు పట్టించడం తెలియదు. గుడి పాతబడితే జీర్ణోద్ధారణ అంటాం. జీర్ణమైనదాన్ని ఉద్ధరించాలి, అంతే కాని ఆ జీర్ణతని చూసి మురిసిపోవడం మన పెద్దలు ఎరగరు.

పటీనా ఇటలీ వాళ్ళ మాట. ఫిలిప్పో బాల్దినూచి అనే ఆయన ఫ్లోరెన్సులో 1681లో చిత్రకళకి సంబంధించిన పదాలతో ఒక నిఘంటువు అచ్చు వేయించాడు. కాలం గడిచిన కొద్దీ బొమ్మల మీద పరుచుకునే నలుపుని చిత్రకారులు పటీనా అంటారని, ఆ నలుపు ఒక్కొక్కప్పుడు బొమ్మకి మేలు చేస్తుందని అందులో రాశాడు. మురికిని మెచ్చుకోవడానికి ఒక మాట పుట్టిందన్నమాట. మెచ్చుకోలు మొదలయ్యాక డబ్బు మొదలవుతుంది. డబ్బు మొదలయ్యాక మోసం ఎంత సేపు?

నిజానికి మోసం మాట కన్నా ముందే పుట్టింది. 1496లో ఇరవయ్యొక్క ఏళ్ళ కుర్రాడొకడు నిద్రపోతున్న మన్మథుడి బొమ్మని పాలరాతిలో చెక్కాడు. దాన్ని మట్టిలోంచి తవ్వి తీసినట్టుగా తయారు చేస్తే ఎక్కువ ధర వస్తుందని ఎవరో సలహా ఇచ్చారు. అలాగే చేశాడు. ఒక దళారి దాన్ని రోములో రఫాయెలె రియారియో అనే కార్డినల్‌కి ప్రాచీన శిల్పం అని చెప్పి 200 డ్యూకాట్లకి అమ్మి, చెక్కినవాడికి 30 మాత్రం ఇచ్చాడని ఆ శిల్పి శిష్యుడు కొండివి రాశాడు. గుట్టు బయటపడింది. కార్డినల్ తన డబ్బు తను వెనక్కి తీసుకున్నాడు. అయితే, కళ్ళుగప్పేటంత బాగా చెక్కిన కుర్రాణ్ణి చూడాలనిపించి రోముకి పిలిపించాడు. ఆ కుర్రాడి పేరు మైకెలాంజిలో. ఆయన రోములో అడుగు పెట్టింది ఒక దొంగ పటీనా పుణ్యమా అని. ఆ మన్మథుడు ఇప్పుడు లేడు, ఎక్కడో పోయాడు.

ఈ పిచ్చిని వెక్కిరించినవాళ్ళూ ఉన్నారు. 1761లో విలియం హోగార్త్ లండనులో ఒక బొమ్మ వేశాడు. అందులో కాలపురుషుడు రెక్కలున్న ముసలివాడు. కూర్చుని తీరిగ్గా చుట్ట గొట్టం పీలుస్తూ ఆ పొగ ఒక చిత్రపటం మీదకి వదులుతుంటాడు. పక్కనే వార్నిష్ జాడీ. ఆయన కొడవలి ఆ పటాన్ని చీల్చేసి ఉంటుంది. కాలం బొమ్మని బాగుచెయ్యదు బాబూ, పాడుచేస్తుంది అని హోగార్త్ గోల.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ విద్యకి రసాయనశాస్త్రం తోడయింది. హాలండులో హాన్ వాన్ మేగరెన్ అనే చిత్రకారుడు పదిహేడో శతాబ్దపు పాత కాన్వాసు సంపాదించి, దాని మీద రంగు గీకేసి, నూనెకి బదులు బేకలైట్ లాంటి ప్లాస్టిక్ కలిపిన రంగులతో వెర్మీర్ శైలిలో బొమ్మ వేసి, పొయ్యిలో పెట్టి కాల్చాడు. గట్టిపడ్డాక గొట్టం మీద చుట్టి పగుళ్ళు తెప్పించి, ఆ పగుళ్ళలో మురికికి బదులు సిరా నింపాడు. 1937లో ఆనాటి గొప్ప నిపుణుడు అబ్రహాం బ్రేడియస్ అది వెర్మీర్ వేసిన ఉత్తమ చిత్రాలలో ఒకటని పొగిడాడు. రాటర్‌డామ్‌లోని మ్యూజియం కొంది. యుద్ధం అయ్యాక, జాతి సంపదని నాజీ నాయకుడు గోరింగ్‌కి అమ్మాడని 1945లో అతన్ని పట్టుకుంటే, “నేను అమ్మింది వెర్మీర్ కాదు, నేనే వేశాను” అని ఒప్పుకుని, నమ్మకపోతే చూడమని సాక్షుల ఎదుట మరో బొమ్మ వేశాడు. 1947లో ఒక ఏడాది జైలు శిక్ష పడింది. శిక్ష అనుభవించకుండానే అదే ఏడాది చనిపోయాడు.

ఉప్పు చల్లే మా పక్కింటాయనకీ, వీళ్ళకీ పోలికేమిటని మీరు అడగవచ్చు. పనితనంలో పోలిక ఉంది. ఉద్దేశంలో ఉందా లేదా అన్నదే ప్రశ్న.

* * *

ఈ పని ఎలా చేస్తారో కాస్త చెబుతాను. దొంగతనం అయినా సరే, శ్రద్ధగా చేసిన పని చూడ్డానికి బాగుంటుంది.

బండి రంగుకీ ఒక చరిత్ర ఉంది. 1920ల మొదట్లో కూడా కారుకి వార్నిష్ రంగులు పొర మీద పొర వేసి, ఆరబెట్టి, రుద్ది, పూర్తి చెయ్యడానికి వారాలు పట్టేది. ఫోర్డు మోడల్ టి 1914 నించి 1925 దాకా నలుపులో మాత్రమే వచ్చిందంటే, ఒకే రంగుతో పని చవగ్గా, త్వరగా తెమలడం దానికి పెద్ద కారణం. తరవాత డ్యూపాంట్ కంపెనీ డ్యూకో అనే కొత్త రంగు తెచ్చింది. దూదిని నత్రికామ్లంలో నానబెడితే వచ్చే నైట్రోసెల్యులోజ్ దీనికి ఆధారం. మొదటి ప్రపంచయుద్ధంలో తుపాకి మందు చేసిన విద్యే ఇది. 1923లో జనరల్ మోటార్స్ వారి ఓక్లండ్ కార్లు ఈ రంగుతో నీలంగా మెరుస్తూ వచ్చాయి. వారాల పని గంటల్లోకి దిగింది. ఆ తరవాత రెజిన్‌తో చేసిన ఎనామెల్ రంగులు వచ్చాయి.

ఏ రంగులోనైనా ఉండేవి ముఖ్యంగా రెండు. రంగునిచ్చే పొడి, ఆ పొడిని పట్టి ఉంచే జిగురు. ఎండలోని అతినీల కిరణాలు ఏళ్ళ తరబడి ఆ జిగురుని కొరికేస్తాయి. అప్పుడు పొడి వదులై పైకి తేలుతుంది. పాత కారు మీద చెయ్యి పెడితే అరచేతికి అంటుకునే తెల్లటి సుద్ద అదే. సుద్ద పోయాక పై పొర పలచనై కింద ప్రైమర్, దాని కింద ఇనుము కనిపిస్తాయి.

ఉత్తుత్తి పటీనా చేసేవాడు ఈ కథని వెనక నించి ముందుకి చెబుతాడు. ముందు తుప్పు, దాని మీద ఎర్రటి ప్రైమర్, దాని మీద ఆకుపచ్చ. తుప్పుని రెండు రకాలుగా తెస్తారు. నిజంగా పట్టించడం ఒకటి. పూత లేని ఇనుము మీద మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్, కొంచెం వినిగర్, కొంచెం ఉప్పు కలిపి చల్లితే కొద్ది నిమిషాల్లోనే ఎర్రబడుతుంది. గోధుమ రంగు, కావి రంగు, నారింజ రంగు స్పాంజితో అద్దడం రెండోది. మా పక్కింటాయనది రెండో పద్ధతి. నిజం తుప్పు మాట వినదు అంటాడు. ఉప్పుని కూడా పని కాగానే నీళ్ళు పోసి పోసి కడిగాడు. ఏ సందులోనైనా ఇంత మిగిలితే అది అసలు తుప్పుకి విత్తనం అవుతుంది.

పూతలన్నీ అయ్యాక అసలు పని మొదలవుతుంది. సన్నటి గరుకు కాగితాన్ని నీళ్ళల్లో ముంచి రుద్దడం. ఎక్కడ రుద్దాలన్నదే విద్య. నీళ్ళు నిలిచే చోట, ఎండ నిటారుగా పడే చోట, మనిషి చెయ్యి తగిలే చోట. డ్రైవరు ఎడమ మోచెయ్యి ఆనించే కిటికీ అంచు మీద, తలుపు పిడి చుట్టూ, ఎక్కేటప్పుడు కాలు పెట్టే మెట్టు మీద రంగు పోవాలి. పిడి కింద నీడన మాత్రం నిండుగా ఉండాలి. అరిగిన మచ్చ అంచుల్లో ముందు పాలిన ఆకుపచ్చ, తరవాత ఎర్రటి గీత, మధ్యలో తుప్పు, ఇలా చెట్టు కాండంలో వలయాల్లా కనిపించాలి. ఆఖరున మెరుపు లేని క్లియర్ కోటు వేస్తే అంతా అలాగే నిలబడిపోతుంది. కొందరు దానికి బదులు అవిసె నూనె రుద్దుతారు. ఆ నూనె గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. ఇల్లు కాలిపోతుంది, జాగ్రత్త. పాత రంగుల్లో సీసం ఉంటుంది కనక దాన్ని పొడిగా గీకకూడదు. క్లియర్ కోట్లలో కొన్ని ఊపిరితిత్తులకి హాని చేస్తాయి. ఆయన తగిన మాస్కు లేకుండా నన్ను లోపలికి రానిచ్చేవాడు కాదు.

రెండు నెలలు వారాంతాలన్నీ నేను అక్కడే ఉన్నాను. రుద్దడం నాకూ పట్టుబడింది. “ఈ బండి నడిపినవాడు ఎలాంటివాడో ముందు ఊహించుకో, అప్పుడు ఎక్కడ అరగాలో నీకే తెలుస్తుంది” అనేవాడాయన. లేని మనిషిని ఊహించి, అతని మోచేతి గుర్తుని ఇనుము మీద అరగదీసేవాళ్ళం.

* * *

ఒక సంగతి ఇక్కడ ఒప్పుకోవాలి. ఇనుము తుప్పు రాగి చిలుము లాంటిది కాదు. చిలుము రాగిని అంటిపెట్టుకుని కాపాడుతుంది. తుప్పు గుల్లగా ఉబ్బి రాలిపోయి, కిందనున్న ఇనుముకి మళ్ళీ గాలి, తడి తగలనిస్తుంది. అంటే ఇనుముకి వయసు అందం ఇవ్వదు, ఆయుష్షు తీస్తుంది. దీనికి మినహాయింపులు లేకపోలేదు. ఢిల్లీలో కుతుబ్ మినార్ దగ్గర ఉన్న ఇనుప స్తంభం దగ్గర దగ్గర 1600 ఏళ్ళయినా నిలిచి ఉంది. దాని ఇనుములో భాస్వరం ఎక్కువగా ఉండడం వల్ల పైన పలచటి రక్షణ పొర ఏర్పడిందని కాన్పూరు ఐఐటి ఆచార్యుడు ఆర్. బాలసుబ్రమణ్యం వివరించారు. ఆ స్తంభానికి వీపు ఆనించి రెండు చేతులూ వెనక్కి చుట్టి కలపగలిగితే అదృష్టం అని జనం కౌగిలించుకునేవారు. 1997లో చుట్టూ కంచె వేశారు. అమెరికాలో యు.ఎస్. స్టీల్ కంపెనీ 1933లో కోర్-టెన్ అనే ఉక్కుకి పేటెంటు తీసుకుంది. దాని తుప్పే దానికి తొడుగు. మొదట్లో బొగ్గు మోసే రైలు పెట్టెలకి వాడిన ఆ ఉక్కుతో ఏరో సారినెన్ అనే వాస్తుశిల్పి ఇలినాయ్ రాష్ట్రం మొలీన్‌లో జాన్ డీర్ ట్రాక్టర్ల కంపెనీకి ప్రధాన కార్యాలయం రూపొందించాడు. 1964లో అది తుప్పు రంగులోనే ప్రారంభమయింది.

కాబట్టి తుప్పుని ఇష్టపడడం ఈ దేశానికి కొత్త కాదు. మీ మనవల్ని అడగండి, పిక్సార్ వాళ్ళ 2006 నాటి “కార్స్” సినిమాలో అందరికీ నచ్చిన పాత్ర మేటర్ అనే తుప్పు పట్టిన టో ట్రక్కు. కాన్సస్‌లో గలీనా అనే ఊళ్ళో రూట్ 66 పక్కన పడి ఉన్న 1951 నాటి ఇంటర్నేషనల్ లారీ దానికి ప్రేరణ. 1935లో పుట్టిన ఇక్కడి పురాతన కార్ల సంఘంలో, ఏమీ మార్చకుండా అసలు రంగుతో ఉంచిన బళ్ళకి ప్రత్యేకంగా ఒక తరగతి ఉంది. మనవాళ్ళు కూడా మారారు. మొన్న ఇండియా వెళ్ళినప్పుడు మా కోడలు కొన్న హారం “యాంటిక్ ఫినిష్”. కొత్త బంగారం మీద కావాలని నలుపెక్కించి, అమ్మమ్మ నగలా చేసి, కూలి ఎక్కువ తీసుకుని అమ్మారు. వాళ్ళ అమ్మమ్మ అయితే కుంకుడు రసంలో నానబెట్టి ఆ నలుపు వదిలించే దాకా నిద్ర పోయేది కాదు.

* * *

ఆగస్టులో మా మనవడు వచ్చాడు. వాడికి అప్పుడు తొమ్మిదేళ్ళు. తలుపుల పని అంతా అయిపోయి ఒక్కటే మిగిలింది. పాత ట్రక్కుల తలుపుల మీద పొలం పేరో, కొట్టు పేరో చేత్తో రాసి ఉంటుంది. అది వెలిసిపోయి సగం సగం కనిపిస్తుంటే అందం. ఏ పేరు రాద్దాం అని మా పక్కింటాయన అడిగితే మావాడు ఎగిరి గంతేసి, “తాతా, ముత్తాత లారీ పేరు రాయండి!” అన్నాడు.

మా నాన్న లారీ కథలు వాడికి నేనే చెప్పాను. చిలకలూరిపేట నించి మద్రాసు రోడ్డు మీద పొగాకు బేళ్ళు, యుద్ధం తరవాత మిలిటరీవాళ్ళు అమ్మేసిన షెవ్రొలే లారీ, హ్యాండిల్ తిప్పి స్టార్టు చెయ్యడం, దసరాకి చక్రాల కింద నిమ్మకాయలు, గుమ్మడికాయ. అది కల్పన కాదు. జనరల్ మోటార్స్ 1928లోనే బొంబాయిలో షెవ్రొలేలు బిగించే ఫ్యాక్టరీ పెట్టి 1950ల మధ్య దాకా నడిపింది, మన రోడ్ల మీద ఆ బళ్ళు మామూలే. ఏటా దసరా ముందు మా నాన్న ఆ లారీకి దగ్గరుండి రంగు వేయించేవాడు. పాలిపోయిన లారీ తోలడం ఆయనకి చినిగిన చొక్కా వేసుకోవడం లాంటిది.

“ఏం పేరు ఉండేది తాతా?” అన్నాడు మనవడు మళ్ళీ.

నాకు ఆ పేరు బాగా గుర్తుంది. పసుపు మీద ఎర్రటి అక్షరాలు. కాని అది మా ఇంటి పేరు కాదు, మా నాన్న పేరూ కాదు. లారీ యజమాని పేరు. మా నాన్న దాని మీద మొదట క్లీనరు, తరవాత ఇరవై ఏళ్ళు డ్రైవరు. ఆ లారీ మాది ఏ రోజూ కాదు. నేను 1979లో ఈ దేశం వచ్చాను. కొత్తలో ఎవరో “మీ నాన్నగారు ఏం చేస్తారు” అని అడిగితే, “మాకు లారీ ఉండేది” అన్నాను. అబద్ధం అనిపించలేదు, మా నాన్న కూడా “నా లారీ” అనేవాడు మరి. నలభై ఏళ్ళలో ఆ మాట మీద పొర మీద పొర పడింది. “లారీ ఉండేది” కాస్తా “లారీలు ఉండేవి” అయింది. మా పిల్లల దగ్గరికి వచ్చేసరికి “ట్రాన్స్‌పోర్ట్ బిజినెస్” అయింది. ఎక్కడ రుద్దాలో, ఎక్కడ వదిలెయ్యాలో నాకు గరుకు కాగితం పట్టుకోక ముందే వచ్చు. మొదటి రోజు ఆ తలుపు చూసి వేసిన భయం ఎక్కడిదో అప్పుడు తెలిసింది.

మనవడికి నిజం చెప్పాను. వాడు పెద్దగా పట్టించుకోలేదు. “డ్రైవరా? నిజంగా తనే నడిపేవాడా?” అన్నాడు, వాడికి అదే గొప్పగా ఉంది. నాకే గొంతు పట్టుకుంది. మా నాన్న చేసిన పనిని నలభై ఏళ్ళు నేను దాచాను, ఆయన దాచుకోలేదు. ఆయన కుడి మోచెయ్యి ఎడం మోచేతి కన్నా నల్లగా ఉండేది. కిటికీ బయట ఎండలో ఉండేది అదే కదా. ఆయన ఒంటి మీద ఉన్న పటీనా అది. ఎవరూ పూసింది కాదు.

తలుపు మీద ఏ పేరూ రాయలేదు.

* * *

ఈ తగవుని ఇటలీవాళ్ళు ఎప్పుడో ఒక కొలిక్కి తెచ్చారని తరవాత చదివాను. 1939లో రోములో పాత చిత్రాలనీ శిల్పాలనీ బాగు చెయ్యడానికి ఒక ప్రభుత్వ సంస్థ స్థాపించారు. దానికి మొదటి డైరెక్టరు చెజారె బ్రాందీ. పాత గోడబొమ్మలో ఒక ముక్క ఊడిపోయిందనుకోండి. ఖాళీగా వదిలితే బొమ్మ చెడుతుంది. అచ్చం పాతదానిలా పూరిస్తే చూసేవాణ్ణి మోసం చేసినట్టు. అందుకని వాళ్ళు ఆ ఖాళీని సన్నటి నిలువు గీతలతో నింపే పద్ధతి తెచ్చారు. దూరం నించి చూస్తే గీతలు కలిసిపోయి బొమ్మ నిండుగా కనిపిస్తుంది. దగ్గరికి వెళితే ఇది కొత్తది, అది పాతది అని తెలిసిపోతుంది. బ్రాందీ తన సిద్ధాంతాన్ని 1963లో పుస్తకంగా తెచ్చాడు. పాతదనం చెయ్యడం తప్పు కాదు, చేసినట్టు తెలియకుండా చెయ్యడం తప్పు.

ఈ సంగతి చెబితే మా పక్కింటాయన నవ్వి, గ్లవ్ బాక్సు మూత తెరిచి చూపించాడు. మూత లోపలి వైపు పెన్నుతో రాసి ఉంది: క్యాబిన్ 1951, రంగు అసలుది, రెండు తలుపులు, రెండు ముందు ఫెండర్లు 2019లో కొత్తగా వేసినవి. కింద ఆయన సంతకం. తలుపుల లోపలి వైపు కూడా కంపెనీ నల్ల పూత అలాగే వదిలేశాడు. మెషీను షాపు మనిషికి బ్రాందీ అక్కర్లేకపోయింది.

2022లో ఆయన ఆరోగ్యం బాగాలేక, కూతురి దగ్గరికి వెళ్ళిపోతూ ట్రక్కు అమ్మకానికి పెట్టాడు. ఆ డబ్బు ఆయనకి అవసరం. కొనడానికి వచ్చిన మనిషి బండి చుట్టూ రెండు సార్లు తిరిగాడు. డ్రైవరు పక్క తలుపు మీద చెయ్యి వేసి నిమిరాడు. అది నేను రుద్దిన తలుపు. “ఇదంతా అసలు రంగేనా?” అని అడిగాడు. అవునంటే ధర ఒకలా ఉంటుంది, కాదంటే ఒకలా ఉంటుంది. అది అక్కడున్న ముగ్గురికీ తెలుసు. మా పక్కింటాయన ఏమీ మాట్లాడలేదు. నావైపు చూశాడు. ఆ చూపులో ఏముందో నేను చెప్పలేను. కాసేపు అలాగే నిలబడి, తరవాత తలుపు తీసి, వంగి గ్లవ్ బాక్సు తెరిచి పక్కకి తప్పుకున్నాడు.

వచ్చినాయన కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. చెప్పిన ధరకి కొంత తగ్గించి ఇచ్చాడు. బండి తోలుకు వెళ్ళేటప్పుడు కిటికీ దించి, నేను అరగదీసిన చోటే తన మోచెయ్యి ఆనించాడు.